గ్లాసుల నీళ్లు తేటగైతే ఒంట్ల వయసు ఆగుతదా?

పోయిన నెల మా ఊర్ల రేకుల షెడ్డు కింద ఒక మీటింగు పెట్టిండ్రు. టై కట్టుకున్న ఒకాయన గాజు గ్లాసుల నీళ్లు పోసిండు. దాంట్ల నాలుగు చుక్కలు ఎర్ర మందు వేసిండు. నీళ్లు డికాక్షన్ లెక్క అయినయి. "వయసు మీద పడ్డ కొద్దీ మీ రక్తం ఇట్లనే తుప్పు పడుతది" అన్నడు. తర్వాత ఒక ప్యాకెట్ చింపి, పొడి వేసి, చెంచాతోని తిప్పిండు. రంగు మాయం, నీళ్లు తేట. "ఇదే యాంటీ ఆక్సిడెంట్. షుగరు, శుక్లాలు, పక్షవాతం అన్నీ దీనికి లొంగుతయి" అన్నడు. ముసలోళ్లు చప్పట్లు కొట్టిండ్రు.

ఆ నెల మా పక్కింటి అవ్వ పింఛను పైసలు ఆ డబ్బాకే పోయినయి. అప్పటిసంది షుగరు గోలీలు మింగుడు కూడ బంద్ చేసింది. డబ్బా అంటగట్టినోడు పరాయోడు కాదు, మన ఊరి డిగ్రీ పోరడే. వాని కింద నలుగురు చేరితే కమీషన్ వస్తదని ఆశ పెట్టిండ్రు. వాణ్ని తిట్టుడు నా పని కాదు. కొలువు లేనోని ఆకలి నాకు తెల్వంది కాదు. కానీ ఆ గ్లాసు సంగతి మాత్రం మాట్లాడాలె.

ఆ ఎర్ర మందు ఏందో కాదు, దెబ్బలకు రాసే అయోడిన్. ఇంటికొచ్చి నేను కూడ గ్లాసుల నీళ్లు పోసి, రెండు చుక్కలు అదే మందు వేసి, ఉసిరికాయ దంచి రసం పిండిన. నీళ్లు తేటగైనయి. నిమ్మరసం పిండినా రంగు పోయింది. విటమిన్ సి అయోడిన్‌ను రంగు లేని అయొడైడ్‌గా మారుస్తది, అంతే. గ్లాసుల జరిగింది నిజమైన కెమిస్ట్రీనే. అబద్ధం ఎక్కడ మొదలైందంటే, గ్లాసును చూపిచ్చి "ఇదే మీ రక్తం" అన్న కాడ.

నేను డాక్టర్ని కాదు. కానీ ఈ ముచ్చట అర్థం చేసుకునేటందుకు డాక్టర్ కావాల్సిన పని లేదు.

మన ఒంట్ల ప్రతి కణంల మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలు ఉంటయి. మనం తిన్న బువ్వను, పీల్చిన ఆక్సిజన్‌తోని కలిపి మండిచ్చి, శక్తిని ఏటీపీ అనే పదార్థంల దాస్తయి. ఆ ఏటీపీని 1929ల లోకానికి చెప్పినోళ్లల్ల మన భీమవరంల పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. పొయ్యి మండినప్పుడు నిప్పురవ్వలు ఎగిరినట్టే, ఈ పనిల కొంత ఆక్సిజన్ కొసరు దారి పట్టి సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి అయితది. వీటిల కొన్నిటినే ఫ్రీ రాడికల్స్ అంటరు. రవ్వలు ఆర్పేటందుకు ఒళ్లే కావలి పెట్టుకున్నది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథయోన్ ఆ కావలోళ్లు. రవ్వలు ఎక్కువై, కావలి చాలకపోతే దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటరు.

అప్పుడు కణం గోడల కొవ్వు, ప్రొటీన్లు, డీఎన్ఏ దెబ్బ తింటయి. రక్తంల చెడ్డ కొలెస్టరాల్ ఆక్సిడైజ్ అయితే రక్తనాళాలల్ల పూడిక పెరుగుతది. కంటి కటకంల ప్రొటీన్లు చెడితే శుక్లం వస్తది. షుగరు ఎక్కువ కాలం ఎక్కువగుంటే రవ్వలు ఇంకా ఎక్కువైతయి, కిడ్నీలు, కండ్లు, నరాలు పాడయితయి. అంటే టై కట్టుకున్నాయన చెప్పిన కథల సగం నిజమే. సగం నిజం ఉన్నది కాబట్టే అది అమ్ముడు పోతది.

ఈ ఆలోచనను 1956ల డెన్హమ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ముందటికి తెచ్చిండు. ఫ్రీ రాడికల్స్ చేసే నష్టం కుప్పపడుడే ముసలితనం అన్నడు. మస్తు మందికి నచ్చింది. మరి రవ్వలు ఆర్పే మందు మింగిస్తే రోగం ఆగాలె కదా? దాన్ని కూడ పెద్ద ఎత్తున పరీక్షించిండ్రు. గోలీలు అమ్మేటోళ్లు మనకు చెప్పనిది గదే.

ఫిన్లండుల 29,133 మంది సిగరెట్ తాగే మగోళ్ల మీద పరీక్ష చేసిండ్రు. కొందరికి బీటా కెరోటిన్ ఇచ్చిండ్రు, కొందరికి ఇయ్యలేదు. 1994ల లెక్క బయటికి వచ్చింది. బీటా కెరోటిన్ మింగినోళ్లల్ల ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. అమెరికాల 18,314 మంది మీద ఇసొంటిదే ఇంకో పరీక్ష జరిగింది. దాంట్ల బీటా కెరోటిన్‌తోని విటమిన్ ఎ కలిపి ఇచ్చిండ్రు. కేన్సర్ 28 శాతం ఎక్కువ కనవడంగనే 1996ల నడుమనే ఆపిండ్రు. విటమిన్ ఇ మింగిన మగోళ్లల్ల ప్రొస్టేట్ కేన్సర్ 17 శాతం ఎక్కువైందని 2011ల ఇంకో పెద్ద పరీక్ష చెప్పింది. మొత్తం 78 పరీక్షలు, దాదాపు 3 లక్షల మంది లెక్కలు ఒక్క తాన పెట్టి కొక్రేన్ సంస్థ 2012ల చూసింది. యాంటీ ఆక్సిడెంట్ గోలీలు మింగితే ఆయుష్షు పెరుగుతదని ఆధారం దొరకలేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ అయితే చావులు కొంచెం పెంచినట్టే కనవడ్డయి.

ఎందుకిట్ల? ఎందుకంటే రవ్వలన్నీ మనకు శత్రువులు కావు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపేది ఆ రవ్వలతోనే. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునేది కూడ వాటితోనే. కష్టం చేసినప్పుడు, ఉరికినప్పుడు రవ్వలు పెరుగుతయి. వాటిని చూసే ఒళ్లు తన సొంత కావలిని గట్టి చేసుకుంటది. 2009ల జర్మనీల చేసిన ఒక చిన్న పరీక్షల, విటమిన్ సి, ఇ గోలీలు మింగుకుంట కసరత్తు చేసినోళ్లకు, కసరత్తుతోని ఇన్సులిన్ మంచిగ పని చేసే లాభమే రాకుండ పోయింది. ఇంకో వింత చూడుండ్రి. తూర్పు ఆఫ్రికాల నేల కింద బతికే, ఒంటి మీద బొచ్చు లేని ఎలుక జాతి ఒకటున్నది. మామూలు ఎలుకకంటే దాని ఒంట్ల ఆక్సిడేటివ్ నష్టం ఎక్కువ. అయినా 30 ఏండ్లు దాటి బతుకుతది. మామూలు ఎలుక మూడు, నాలుగేండ్లకే పోతది. అంటే ముసలితనానికి తుప్పు ఒక్కటే కారణం కాదు, తుప్పు గీకితే యవ్వనం రాదు.

ఒక్క మాట న్యాయంగ చెప్పాలె. వయసు మీద పడ్డంక కంటి రెటీనా నడుమ భాగం చెడే రోగం ఒకటున్నది. అది ఒక దశకు చేరినోళ్లల్ల, లెక్క ప్రకారం కలిపిన విటమిన్లు, జింకు గోలీలు రోగం ముదురుడును కొంత తగ్గిస్తయని అమెరికా పరీక్షల్ల తేలింది. అది కంటి డాక్టర్ చూసి ఇచ్చేది, రేకుల షెడ్డు కింద చప్పట్లతోని అమ్మేది కాదు. ఆకుకూరలు, జామపండ్లు, ఉసిరికాయలు తినుడు మంచిదే. తిండి వేరు, డబ్బా వేరు.

ఇగ అసలు ముచ్చట. మన ఊర్లల్ల ఒంట్ల రవ్వలు రేపేవి కండ్ల ముందట ఉన్నయి. వాటి గురించి ఆ మీటింగుల ఒక్క ముక్క రాలేదు.

ఒకటి, గడ్డి మందు. గడ్డి మందులల్ల పారాక్వాట్ అని ఒకటున్నది. అది పని చేసేదే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌తోని. ఆకుల ఎలక్ట్రాన్లు గుంజుకొని ఆక్సిజన్‌కు అంటగట్టి, సూపరాక్సైడ్ పుట్టిచ్చి, ఆకును కాల్చేస్తది. మనిషి ఒంట్లకు పోయినా గదే పని చేస్తది. దీనికి విరుగుడు లేదు. అమెరికాల రైతులు, మందు కొట్టేటోళ్ల మీద చేసి 2011ల అచ్చేసిన ఒక అధ్యయనం ప్రకారం, పారాక్వాట్ లేదా రొటెనోన్ వాడినోళ్లకు పార్కిన్సన్ రోగం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. చేతులు వణికి, నడక బిగుసుకుపోయే ముసలితనపు రోగం అది. మందుకు, రోగానికి సంబంధం లేదని అమ్మే కంపెనీలు అంటయి. అమెరికా కోర్టులల్ల వేల కేసులు పడ్డయి. యూరోపియన్ యూనియన్‌ల 2007ల దీని అనుమతి రద్దయింది. ఇంగ్లండుల మాత్రం తమ పొలాలకు వద్దనుకున్నంక కూడ ఏండ్ల తరబడి తయారుచేసి బయటి దేశాలకు పంపిండ్రు. శ్రీలంక కూడ నిషేధించింది. మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం 27వ సెక్షన్ కింద రాష్ట్ర సర్కారు 60 రోజులు ఆపొచ్చు, మహా అంటే ఇంకో 30 రోజులు. ఎప్పటికీ ఆపే అధికారం ఢిల్లీ చేతిల ఉన్నది. తైవాన్ పంపు వీపుకు కట్టుకొని, మూతికి తువ్వాల చుట్టుకొని కొట్టే కైకిలి మనిషికి ఏ యాంటీ ఆక్సిడెంట్ డబ్బా అడ్డం పడుతది?

రెండు, పొగ. బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ రెండూ రవ్వల మూటలే. ఇంట్ల పొగతోని 2020ల లోకం మీద 32 లక్షల మంది చచ్చిపోయిండ్రని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి ముందట కూసునే ఆడోళ్లకు శుక్లాల ముప్పు కూడ ఎక్కువే. గ్యాస్ కనెక్షన్ ఇచ్చినమని లెక్క చెప్పుడు కాదు, సిలిండర్ అయిపోయినంక మళ్ల నింపుకునే శక్తి ఉన్నదా లేదా అని సర్కారు చూడాలె.

మూడు, పట్టించుకోని షుగరు, బీపీ. 30 ఏండ్లు దాటినోళ్లకు సబ్ సెంటర్ల ఉచితంగ పరీక్ష చెయ్యాలని జాతీయ కార్యక్రమమే ఉన్నది. శుక్లం ఆపరేషన్ సర్కారు దవాఖానల ఉచితమే. పొడితోని శుక్లం కరగదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ చేతిల ఫోన్ ఉన్నది, నోరు ఉన్నది. ఇసొంటి మీటింగు మీ ఊరికి వస్తే జేబుల ఒక నిమ్మకాయ పెట్టుకొని పోండ్రి. ఆయన గ్లాసు పక్కన మీది కూడ పెట్టి పిండుండ్రి. తర్వాత ఒక్కటే ప్రశ్న అడుగుండ్రి: దీన్ని మనుషుల మీద ఎక్కడ పరీక్షించిండ్రు, ఎంత మంది బతుకు పెరిగింది? డబ్బా మీద ఫుడ్ లైసెన్స్ నంబర్ చూపిస్తరు. అది తినే వస్తువని చెప్పే నంబర్, రోగం తగ్గిస్తదని చెప్పే నంబర్ కాదు. షుగరు, శుక్లం, పక్షవాతం, కేన్సర్ నయం చేస్తమని ప్రచారం చేసుడు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మనుషులను చేర్పిచ్చినందుకే పైసలొచ్చే పిరమిడ్ దందాను 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు వద్దన్నయి. వీడియో తీయుండ్రి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయుండ్రి, వినియోగదారుల నంబర్ 1915కు ఫోన్ చెయ్యుండ్రి. గ్రామసభల గడ్డి మందు మీద తీర్మానం పెట్టుండ్రి. నూరు ఊర్లు తీర్మానాలు పంపితే ఢిల్లీకి కూడ చెవులు వినవడుతయి.

మొన్న ఆ అవ్వ ఇంటికి పోయి ఆమె ముందటనే నిమ్మకాయ పిండిన. గ్లాసు దిక్కు జర సేపు చూసి, "మరి నా పైసలు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. తెల్లారి సబ్ సెంటర్‌కు తోలుకపోయి షుగరు చూపిచ్చిన, గోలీలు మళ్ల మొదలు పెట్టిచ్చిన. పైసలు వాపస్ ఇప్పిచ్చే బాధ్యత మాత్రం అమ్మిన పోరనిది, వానికి ఆశ పెట్టినోళ్లది, చూసుకుంట కూసున్న అధికారులది. అడిగే బాధ్యత మనది.