చిలుక చదువు చాలునా?

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఒక వింత గర్వము ప్రబలినది. పిల్లవాడు తెలుగు వాచకమును తడబడక చదివినచో తల్లిదండ్రులు పొంగిపోవుదురు. చదివినదానిలో ఏమున్నదని అడుగువారు అరుదు. అక్షరము పలికినంతమాత్రమున అర్థము పట్టుబడునా?

మన పిల్లల కష్టము వేరు. తమిళనాట 2006 నాటి చట్టముతో బడులలో తమిళము దశలవారీగా నిర్బంధమైనది. తక్కిన చోట్లను తెలుగు బడి అందని పిల్లలు అనేకులు. వారికి మిగిలినది ఇంటి పాఠము, లేదా సంఘము నడుపు ఆదివారపు తరగతి. పట్టణమున పెరిగిన బిడ్డ ఏతము, కళ్ళము, గాదె అను మాటలను స్పష్టముగా చదువును. మనస్సులో ఏ రూపమును మెదలదు. అట్టివానికి మఱొక పర్యాయపదము చెప్పుట చీకటికి చీకటిని తోడిచ్చుటయే. బొమ్మ చూపుడు: బావిగట్టు, ఏతపు మాను, దాని కొనను వ్రేలాడు బాన. మాట అప్పుడు వాని సొంతమగును.

బొమ్మలు పసివారి ఆటయనియు, చదువును చెఱచుననియు కొందఱు పెద్దల ఆక్షేపణ. ఐరోపాలో కొమీనియస్ 1658లోనే బొమ్మల పాఠ్యగ్రంథమును వెలువరించెను. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములపై రామాయణ ఘట్టములకు తోడుగా తెలుగు వ్రాత కనబడును. 1947లో మద్రాసున పుట్టిన ‘చందమామ’కు బొమ్మయే సగము ప్రాణము. ఇవన్నియు చదువును చెఱచినవా?

అయితే పాఠముతో పొత్తులేని రంగుబొమ్మ దృష్టిని చెదరగొట్టును. కథయంతయు తానే చెప్పివేయు బొమ్మయు చేటే. బిడ్డ దానిని చూచి ఊహించునే గాని అక్షరము చూడడు. కావున ముందు బొమ్మ చూపి, “ఇక్కడ ఏమి జరుగుచున్నది?” అని అడిగి తెలుగులోనే పలికింపుడు. పిదప చదివింపుడు, తన ఊహ నిజమో కాదో పాఠములోనే వెదకుకొననిండు. నడుమ పుస్తకము మూయించి, “నీ కంటికి ఏమి కనబడుచున్నది?” అని అడుగుడు. కడపట బలపమిచ్చి గీయింపుడు. ఏతము గీసి, నీరు పారు కాలువను మఱచినచో, ఏ వాక్యము వానికి అందలేదో మీకే తెలియును. క్రమముగా బొమ్మలు తగ్గింపుడు. తుదకు వాక్యమే మనస్సులో బొమ్మను గీయవలెను.

వార్షికోత్సవములలో పద్యము అప్పజెప్పిన బిడ్డకు సంఘములు బహుమతి ఇచ్చుచున్నవి, మంచిదే. ఆ పద్యమున తాను చూచిన దృశ్యమును తన మాటలలో చెప్పగల బిడ్డకు అంతకంటె పెద్ద బహుమతి పెట్టుడు. అర్థమెఱుగని చదువు ఆ బిడ్డతోనే ఆగిపోవును. వాని బిడ్డలకు అందదు.