చమురు దక్షిణాన, నల్లా ఉత్తరాన

2013 జూలై 9కి దక్షిణ సూడాన్ పుట్టి రెండేళ్లు నిండాయి. 2011 జనవరి రిఫరెండంలో దాదాపు 99 శాతం మంది విడిపోతామని ఓటేశారు. ఆ జూలైలో జూబా వీధుల్లో జనం ఆడిపాడుతుంటే ఇక్కడ లాప్‌టాప్ ముందు అర్ధరాత్రి దాకా కూర్చున్నవాణ్ణి నేను. వాళ్లది దేశం, మనది రాష్ట్రం, రెంటికీ పోలిక లేదు. అయినా కళ్లు తడిశాయి, ఏం చేస్తం!

జెండా ఎగిరినంత తొందరగా ఖజానా నిండలేదు. ఉమ్మడి సూడాన్ చమురులో సుమారు నాలుగింట మూడు వంతులు దక్షిణాదికి వచ్చింది. దాన్ని సముద్రానికి చేర్చే పైపులైన్లు, రిఫైనరీలు, పోర్ట్ సూడాన్ రేవు ఉత్తరాదిలోనే ఉండిపోయాయి. అప్పట్లో కొత్త ప్రభుత్వ ఆదాయంలో 98 శాతం ఆ చమురు మీదే.

ఇక్కడే చైనా సంగతి వస్తుంది. అక్కడ చమురు కనిపెట్టింది నిజానికి అమెరికా కంపెనీ షెవ్రాన్. 1984లో దాని సిబ్బంది మీద దాడి జరిగాక పనులు ఆపేసింది, తర్వాత అమ్ముకుని పోయింది. ఆ ఖాళీలోకి చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీ దిగింది. 1997 ఆంక్షలతో అమెరికా తన దారి తనే మూసుకుంది. గ్రేటర్ నైల్ కంపెనీలో 2013 నాటికి చైనా వాటా 40 శాతం. మన ఓఎన్‌జీసీ విదేశ్‌దీ 25 శాతం ఉండేది, కాబట్టి మనమూ ఒడ్డున నిలబడి చూసేవాళ్లం కాదు.

యుద్ధకాలంలో ఖార్టూమ్‌కు ఆయుధాలమ్మిన చైనా, 2005 శాంతి ఒప్పందంలో రిఫరెండం మాట రాగానే లెక్క మార్చుకుంది. 2007లో సాల్వా కీర్‌కు బీజింగ్‌లో మర్యాదలు చేసింది, 2008లో జూబాలో కాన్సులేట్ తెరిచింది. ఎవరి ఇంటి గొడవలోనూ తలదూర్చం అంటుంది కానీ, బావులు ఎటుంటే దాని చూపు అటే.

2012 జనవరిలో, రవాణా రుసుము కింద ఖార్టూమ్ తమ చమురు దొంగిలిస్తోందని జూబా మొత్తం ఉత్పత్తి ఆపేసింది. రోజుకు 3,50,000 పీపాలు! మరుసటి నెలలో పెట్రోడార్ కంపెనీకి పెద్దగా ఉన్న చైనా అధికారిని దేశం నుంచి పంపేసింది. అప్పుడు నేను శభాష్ అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. నా ఉద్యోగంలో రోజూ చూసేదే: ఒకే వెండర్ మీద నడిచే క్లయింట్, బదులు సిస్టమ్ సిద్ధం కాకుండా కాంట్రాక్టు తెంపుకుంటే ముందు తనే మూతపడతాడు. చైనా అంగోలా దగ్గరో సౌదీ దగ్గరో కొనుక్కుంది. జూబాకు మాత్రం ఇంకో కుళాయి లేదు. ఏప్రిల్‌లో కీర్ బీజింగ్ వెళ్లినా, కెన్యాలోని లాము రేవుకు కొత్త పైపులైనుకు గట్టి హామీ దొరకలేదు. పాత లైనులో వాటా ఉన్నవాడు పోటీ లైనుకు డబ్బెందుకు పెడతాడు? చివరికి పీపాకు సుమారు 10 డాలర్ల రుసుముకు, అది కాక 300 కోట్ల డాలర్లకు పైగా పరిహారానికి ఒప్పుకుని, 2013 ఏప్రిల్‌లోనే నల్లా తిప్పారు.

రెండు నెలలు దాటాయో లేదో, జూన్ 8న బషీర్ మళ్లీ పైపులైను మూసేయమన్నాడు, తిరుగుబాటుదార్లకు జూబా సాయం చేస్తోందని. కంపెనీలకిచ్చిన 60 రోజుల గడువు 2013 ఆగస్టు మొదట్లో తీరాల్సి ఉండేది. ఆలోగా ఖార్టూమ్‌ను ఆపగలిగేది ఎవరైనా ఉండి ఉంటే అది బీజింగే. వాషింగ్టన్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినవాళ్ల చేతిలో అప్పుడు ఆ నల్లా లేదు.