ఊరి గొప్పకు 'ఉర్' సాక్ష్యం ఎందుకు?

గుంటూరు, నెల్లూరు, ఏలూరు, చిత్తూరు అంటూ మన పటం నిండా పరచుకున్న 'ఊరు'ను ఇరాక్‌లోని ప్రాచీన సుమేరియన్ నగరం 'ఉర్'తో ముడిపెట్టి, అక్కడి నాగరికతకు పునాది వేసింది మనవాళ్లేనని చెప్పేవారున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన వాటికి చుట్టరికం ఉన్నట్టు కాదు. భాసుడి నాటకం 'ఊరుభంగం'లో విరిగింది గ్రామం కాదు, దుర్యోధనుడి తొడ. అది సంస్కృత పదం. ఊరగాయలోని ఊరడం వేరే క్రియ. ఒక్క తెలుగులోనే ఒకే ధ్వని ఇన్ని దారులు పోతే, వేల కిలోమీటర్ల అవతలి మాట మనదేనని ఏ ధైర్యంతో అంటాం? 'బద్నాం'లోని పారశీక 'బద్'కు, ఇంగ్లీషు 'బ్యాడ్'కు ధ్వనితోపాటు అర్థమూ కలిసింది. అయినా వాటి మూలాలు వేరు, ఆ కలయిక కేవలం కాకతాళీయం.

మరి చుట్టరికాన్ని తేల్చేదేమిటి? క్రమం తప్పని ధ్వని మార్పులు. మన చెవి కన్నడంలో కివి, మన చేయి అక్కడ కై, మన చెడు అక్కడ కెడు. ఇలా మాట తర్వాత మాటలో ఒకే మార్పు కనిపించినప్పుడే రెండు భాషలు ఒక తల్లి బిడ్డలని నమ్మాలి. 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల బంధుత్వాన్ని ఇలాంటి పోలికలతోనే నిలబెట్టారు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆ శాస్త్రాన్ని ఇంకా పదునుపెట్టారు. తెలుగు, కన్నడ, తుళు భాషల 'ఊరు', తమిళ, మలయాళాల 'ఊర్' ఒకే కుదురువన్న మాట ఈ పునాది మీదే నిలిచింది.

సింధు తీరానికీ, ఉర్ ఉన్న మెసొపొటేమియాకూ వర్తకం సాగిందనీ, సుమేరియన్‌లో నగరాన్ని 'ఉరు' అనేవారనీ కొందరు గుర్తుచేస్తారు. రెండూ నిజాలే. అయితే ఆ మాటను 'ఇరి' అని కూడా చదువుతారు. ఉర్ నగరానికి సుమేరియన్లు పెట్టుకున్న పేరు 'ఉరిమ్'. వర్తకం జరిగిందంటే మాట ప్రయాణించే వీలుందని మాత్రమే అర్థం, ప్రయాణించిందని కాదు. సుమేరియన్‌కు ఏ భాషతోనూ బంధుత్వం ఇంతవరకు రుజువు కాలేదు. రెండు మూడు ధ్వనులున్న పొట్టి మాటలు యాదృచ్ఛికంగా కలవడం మామూలే.

ఇలా ప్రశ్నించడం భాషాభిమానం లేకపోవడం కాదు. చోళుల కాలంలో తమిళ గ్రామసభనే 'ఊర్' అన్నారని శాసనాలు చెబుతున్నాయి. నివాసానికి పెట్టిన పేరు, కూర్చుని నిర్ణయాలు తీసుకునే జనానికీ పేరైంది. రుజువున్న ఇంత చరిత్రను వదిలి, రుజువులేని గొప్పను పిల్లలకు నూరిపోస్తే వాళ్లకు మిగిలేది భ్రమే. పదాల పుట్టుకను పరీక్షించే పద్ధతిని బడిలోనే నేర్పితే, తమ భాష గురించి వాళ్లు చెప్పే మాటను ఎవరైనా నమ్ముతారు.