"ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటే ఆగమని కాదు

అపెండిసైటిస్‌ను మన వైపు పెద్దవాళ్లు "ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటారు. అది జాగ్రత్త చెప్పే పేరు. కాని చాలామంది తల్లిదండ్రులు దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటున్నారు. "ఇరవై నాలుగు గంటలు చూద్దాం సిస్టర్ గారూ, తగ్గకపోతే తీసుకొద్దామనుకున్నాం" అనే మాట పిల్లల వార్డులో నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ ఆలోచన మనం మానుకోవాలని నా అభిప్రాయం.

పెద్దపేగు మొదట్లో, పొట్టకు కుడివైపు కింద, తోకలాగా వేలాడే చిన్న భాగమే అపెండిక్స్. గట్టిపడిన మలం వల్లగాని, వాపు వల్లగాని దాని నోరు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి చీము పడుతుంది. రక్తం అందక గోడ కుళ్లి పగులుతుంది. మొదటి రోజు దాటిన కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. చిన్నపిల్లల్లో పేగులను కప్పి ఉంచే కొవ్వు పొర పలచగా ఉంటుంది కాబట్టి, పగిలితే చీము పొట్ట అంతా త్వరగా వ్యాపిస్తుంది. పైగా ఐదేళ్లలోపు బిడ్డ ఎక్కడ నొప్పో సరిగా చెప్పలేడు.

గడియారం ఆసుపత్రి గేటు దగ్గర మొదలు కాదు, మొదటి నొప్పితోనే మొదలవుతుంది. ఆ గంటలు ఎక్కడ పోతున్నాయో చూడండి. ఉదయం దిష్టి తీస్తారు. మధ్యాహ్నం నులిపురుగులని ఆముదం పడతారు. సాయంత్రం ఊళ్లో ఇంజక్షన్ వేయిస్తారు. బిడ్డ నిద్రపోతాడు, తెల్లవారుతుంది. ఇంజక్షన్‌తో నొప్పి తగ్గవచ్చు, జబ్బు తగ్గదు. ఆసుపత్రిలో పరీక్ష చేస్తూ నొప్పికి మందు ఇవ్వడం వేరు. సూది వేయించి ఇంటికి తీసుకుపోవడం వేరు. ఒక్కోసారి అపెండిక్స్ పగిలినప్పుడు కూడా నొప్పి కాసేపు తగ్గినట్టు ఉంటుంది. అది చూసి సంతోషించకూడదు.

సాధారణంగా నొప్పి మొదట బొడ్డు చుట్టూ వస్తుంది. తర్వాత ఆకలి పోతుంది, వాంతి అవుతుంది, కొద్దిగా జ్వరం వస్తుంది. కొన్ని గంటలకు నొప్పి కుడివైపు కిందకు దిగుతుంది. బిడ్డ కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు, వంగి నడుస్తాడు, గెంతమంటే గెంతడు. ఆటో గతుకుల్లో ఎగిరితే ఏడుస్తాడు. అందరిలో ఇవన్నీ కనిపించవు. అందుకే అన్ని లక్షణాలూ వచ్చేదాకా కూర్చోవద్దు.

ఇంకో మాట. రాత్రి చేరిన బిడ్డకు ఉదయం ఆపరేషన్ అంటే కొందరు మా నర్సుల మీద కోప్పడతారు. సెలైన్, యాంటీబయోటిక్ మొదలుపెట్టి, నాడి, జ్వరం, పొట్ట గమనిస్తూ డాక్టర్ గారు కొన్ని గంటలు ఆగడం నిర్లక్ష్యం కాదు. ఇంట్లో మందు లేకుండా గడిచిన గంటా, వార్డులో గడిచిన గంటా ఒకటి కావు.

"మందులతో తగ్గదా?" అని కూడా అడుగుతున్నారు. పగలని అపెండిసైటిస్‌కు కొందరు పిల్లల్లో యాంటీబయోటిక్స్ పనిచేస్తాయి. అయితే 2025లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, మందులతోనే వైద్యం చేసిన పిల్లల్లో దాదాపు 34 శాతం మందికి ఏడాదిలోపు ఆ వైద్యం సరిపోలేదు. కాబట్టి ఆ నిర్ణయం సర్జన్‌తో మాట్లాడి తీసుకోవలసినది. మందుల షాపులో తీసుకునేది కాదు.

ఆడపిల్ల పొట్ట మీద మచ్చ పడుతుందని, మగపిల్లవాడు బరువులెత్తలేడని భయపడకండి. లాప్రోస్కోపీలో చిన్న రంధ్రాలే ఉంటాయి. కోత పెట్టి చేసినా, పగలకముందైతే అది చిన్నదే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోవచ్చు. కొన్ని వారాల్లో మామూలుగా ఆడుకుంటారు. పగిలాక వస్తే చీము కడగాలి, రోజుల తరబడి సూదిమందులు ఎక్కించాలి, ఖర్చు పెరుగుతుంది. కొన్నిసార్లు ప్రాణానికే ముప్పు.

అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఇది. బిడ్డకు కడుపునొప్పి ఆరు గంటలైనా విడవకపోతే ఇక ఆగవద్దు. వాంతి, జ్వరం కలిసినా, నొప్పి కుడివైపుకు మారినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా ఆరు గంటలు కూడా చూడకుండా వెంటనే బయలుదేరండి. ఆముదం, విరేచనాల మందు, ఎనీమా, వేడి కాపడం వద్దు. దారిలో పాలు, ఇడ్లీ పెట్టవద్దు. నొప్పి ఎప్పుడు మొదలైందో, చివరగా ఏం తిన్నాడో, ఏ మందు వేశారో చీటీ మీద రాసుకుని రండి. పరీక్షించి ఇది మామూలు అజీర్తి అని చెప్పి పంపితే, అనవసరంగా వచ్చామని సిగ్గుపడవలసిన పని లేదు. తగ్గకపోతే మళ్లీ రండి.