ముందు థర్మామీటరు, తర్వాతే మోటారు

మూతగల బొగ్గుల గ్రిల్లు కొన్న ఇంట్లో వెంటనే వచ్చే ప్రశ్న: దానికి తోడుగా ఏం కొనాలి? మోటారుతో తిరిగే ఊచా, వేడిని అదుపుచేసే విద్యుత్ పంకానా? ముందు సూది థర్మామీటరు కొనమంటాను నేను.

మా ఇంట ఒకసారి పైన ఎర్రగా కాలిన కోడిని కోస్తే లోపల పచ్చిగానే ఉంది. మూతమీది థర్మామీటరు చెప్పేది లోపలి గాలి వేడిని మాత్రమే. మాంసం బాగా మందంగా ఉన్నచోట సూది గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. అంతవరకు ఉడికితే హానికర బాక్టీరియా చస్తాయి.

రెండవది ఊచ. అది తిరుగుతుంటే నిప్పుల వికిరణ ఉష్ణం అన్ని పక్కలకూ వంతులవారీగా అందుతుంది. కాని ఊచను కోడి గరిమనాభి గుండా గుచ్చాలి. లేకుంటే బరువు ఒక పక్కకు లాగి మోటారు అవస్థపడుతుంది. అందుకే సరితూకపు బరువు ఉన్న ఊచనే ఎంచుకోండి.

పంకా చివరిది. కుంపటి కింది గాలిదారి మూస్తే నిప్పు మందగిస్తుంది, తెరిస్తే రాజుకుంటుంది. గ్రిల్లు గాలిరంధ్రాల పనీ అదే. వేడి తగ్గినప్పుడు గాలి ఊదే పంకా మన చేతిశ్రమను తగ్గిస్తుంది, అంతే.

ఏది కొన్నా గ్రిల్లును ఆరుబయటే వెలిగించాలి. గదిలో చేరే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, ప్రాణాలు తీస్తుంది. ఈ మాట మీ పెద్దలకు తప్పక చెప్పండి.