బాలింతకు విశ్రాంతి యేది?

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమకు పంటలసీమ యని పేరు. వరిచేలకు, కొబ్బరితోటలకు, చేపలకు ఇచట కొరతలేదు. ఇట్టి సీమనుండి పసిబిడ్డల ఆహారలోపమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని పంట పండుట వేరు, అది బిడ్డ నోటికందుట వేరు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశమును గూర్చి చెప్పిన లెక్కలను మా పాఠకులు నిదానముగా చదువవలెనని కోరుచున్నాము. అప్పటికి కాన్పులలో నూటికి 96కు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. అయినను పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 52 మంది మాత్రమే. అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయసునకు తగిన యెత్తు ఎదుగలేదు. ఆసుపత్రి దొరకినది, తొలిగంట పాలు దొరకలేదు. ఇందుకు కారణమేమి?

కాన్పులలో నూటికి 42 శస్త్రచికిత్సతో జరుగుట ఒక కారణము. మన అలవాట్లు రెండవది. ఆవు ఈనిన యింట జున్నుపాలకై ఇరుగుపొరుగులు గిన్నెలతో కాచుకొనియుందురు. తల్లి రొమ్మున మొదటవచ్చు పసుపువన్నె ముర్రుపాలను మాత్రము చెడుపాలని పిండి పారబోయుట కొన్ని యిండ్లలో ఇంకను మానలేదు. రోగములను అడ్డగించు సారము ఆ కొద్దిచుక్కలలోనే యున్నది. దానికి మారుగా తేనెయు, పంచదారనీళ్లును నాలుకకు రాయుట యెంత అవివేకము!

అట్లని ఆచారములన్నియు త్రోసివేయదగినవి కావు. ఆరవమాసమున అన్నప్రాశనము చేయుమన్న పెద్దల మాటకును, ఆరుమాసములు తల్లిపాలు మాత్రమే చాలునని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటకును భేదమేమున్నది? ఒకనాడు వేడుక చేసి, మరునాటినుండి పలుచని మజ్జిగయన్నముతో సరిపుచ్చుటయే మన తప్పు. మెత్తని అన్నము, పప్పు, నెయ్యి, గ్రుడ్డు, ముల్లుతీసిన చేప పలుమార్లు కొద్దికొద్దిగా పెట్టుచు, రెండేండ్లవరకును అటుపైనను పాలిచ్చుచుండవలెను.

వర్తకుల సంగతియు మరువరాదు. తీపి డబ్బాపాలను పసిబిడ్డలకు తగినవని ప్రచారము చేయుట హత్యతో సమానమని 1939లో సింగపూరున వైద్యురాలు సిసిలీ విలియమ్సు నిర్భయముగా పలికెను. 1992లో మన పార్లమెంటు పాలడబ్బాల, పాలసీసాల ప్రకటనలను నిషేధించెను. చట్టము కలదు, దానిని కనిపెట్టియుండు ప్రజలు కావలెను.

అయినను అసలు ప్రశ్న వేరొకటి. తల్లి తినకున్నను పాలు వచ్చునా? కూనూరున పనిచేసి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము దీనిని శోధించెను. తరువాత దానికి డైరక్టరైన డాక్టరు సి. గోపాలను, చాలినంత తినని పేదతల్లులు సైతము మాసములకొలది బిడ్డలకు పాలిచ్చుచుండిరని ఆ యేటనే ప్రకటించెను. అనగా తల్లి తన దేహమునే కరగించి బిడ్డను పోషించుచున్నది. అట్టి తల్లికి పథ్యము పేరిట కూరయు, నీరును తగ్గించి, నాట్లు రాగానే చేనికి పంపువారు ఆమెకు పాలు చాలలేదని నిందించుటకు తగుదురా?

2017లో ప్రసూతి సెలవు 26 వారములైనది. అయితే ఆ హక్కు పదిమందికి తక్కువ కాకుండ పనిచేయు సంస్థలలోని ఉద్యోగినులకే. రాజోలు చేలలో నడుము వంచి నాట్లు వేయు కూలితల్లికి సెలవు ఎవరిచ్చెదరు? 2013 నాటి ఆహారభద్రతా చట్టము ఆమెకు 6,000 రూపాయలకు తక్కువ కాని సాయము హక్కని చెప్పినది. దానిని ఆరుమాసములకు పంచినచో దినమునకు 33 రూపాయలు. ఈ మొత్తముతో ఇల్లు గడచునా? గడవదు కనుకనే ఆమె చంటిబిడ్డను ముసలమ్మ చేతికిచ్చి చేనికి పోవుచున్నది. ఆమె తిరిగివచ్చువరకు బిడ్డకు సీసాపాలో, చక్కెరనీళ్లో దిక్కు.

అమలాపురము, కొత్తపేట పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు సోదరులను మేమడుగునది స్వల్పము. మీ యింట కాన్పు జరిగిననాడు తొలిగంట పాలు మీరే అడిగి యిప్పింపుడు. బాలింతకు వడ్డన ముందు జరుగనిండు. భూవసతి గలవారు తమ కూలితల్లికి ఆరుమాసములు పనిలేకయు కొంత కూలి యిండు. పనికి వచ్చినచో పాలిచ్చు వేళలు విడువుడు. 2022లో అమలాపురమే జిల్లా కేంద్రమైనది. కావున పంచాయతులు ఉయ్యాలశాలలకై, పెంచిన ప్రసూతి సాయమునకై ఆ కచేరీలోనే గట్టిగా అడుగవలెను.

కొబ్బరిమొక్కను నాటి, అది వేరూనువరకు నీరును, నీడయు నిచ్చి కాపాడుట కోనసీమ రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. ఆ శ్రద్ధను తల్లీబిడ్డలయెడ చూపినచో చాలును.