కాళ్లు నేలకు ఆనని సీటు

కూతురి పురిటికి అమెరికా బయల్దేరే అమ్మకు పిల్లలు ఏరికోరి కిటికీ పక్క సీటు తీసుకుంటారు. మబ్బులు చూస్తూ కూర్చుంటుందని వాళ్ల ప్రేమ. హైదరాబాద్ నుంచి దోహాకు నాలుగైదు గంటలు, అక్కణ్నుంచి డాలస్‌కు ఇంకో 16 గంటలు. మధ్యలో లేవాలంటే పక్కన నిద్రపోతున్న ఇద్దరు కొత్తవాళ్లను లేపాలి. ఆ మొహమాటంతో ఆవిడ నీళ్లు తాగడమే మానేస్తుంది. తాగితే బాత్రూమ్‌కి లేవాలి కదా! దిగేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టవు.

రెండు కాళ్లూ కొద్దిగా వాచి, ఒకటి రెండు రోజుల్లో వాపు తీసేస్తే చాలావరకు భయం లేదు. పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకడితేనే ప్రమాదం. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

దీన్ని విమానాలు తెచ్చిన జబ్బనుకోవడం పొరపాటు. 1940లో లండన్‌పై జర్మన్ బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రిళ్లు షెల్టర్లలో తలదాచుకునేవారు. చాలామంది మడత కుర్చీల్లోనే తెల్లవార్లూ కూర్చునేవారు. శవపరీక్షలు చేసే వైద్యుడు కీత్ సింప్సన్, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి చనిపోతున్నవారు ఒక్కసారిగా పెరగడం గమనించాడు. కుర్చీ అంచు కాళ్లను వెనక నుంచి నొక్కి, రక్తం పైకి రాకుండా ఆపుతోందని లాన్సెట్ పత్రికలో రాశాడు. 1954లో బోస్టన్ సర్జన్ జాన్ హోమన్స్ మరో మాట చేర్చాడు. విమానమైనా, కారైనా, నాటకశాలైనా గంటల తరబడి కూర్చుంటే ముప్పు ఇదేనన్నాడు.

లండన్ కుర్చీ అంచును మన ఇళ్ల ఆడవాళ్ల కోసం గుర్తుపెట్టుకోవాలి. 4 గంటలకు మించి కూర్చుని ప్రయాణిస్తే ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అప్పటికీ అది ఆరోగ్యవంతుల్లో 6,000 మందిలో ఒకరికి వచ్చేదే, కంగారు పడనక్కర్లేదు. అయితే ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలో చెబుతూ, స్థూలకాయులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారితో పాటు 160 సెంటీమీటర్లలోపు ఎత్తున్నవారినీ చేర్చింది. అంటే అయిదడుగుల మూడంగుళాలు. మన అమ్మల్లో, అత్తయ్యల్లో అంతకన్నా పొడుగువాళ్లు ఎందరు? వెనక్కి జారబడి కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు. సీటు అంచు మోకాలి వెనక ఒత్తుకుంటుంది. విమానం పైకి లేచాక చేతిసంచిని పాదాల కింద పెట్టుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఈ చిన్న మాట ఎవరూ ఆవిడకు చెప్పరు.

ఇక మిగిలిన పని పిక్కలది. పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిరను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది. సిరలోని కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. నడకలో అడుగడుగునా జరిగేది ఇదే. కూర్చున్నచోటే ఆ పని చేయించాలంటే మడమలు ఆనించి వేళ్లు పైకెత్తాలి, వేళ్లు ఆనించి మడమలు ఎత్తాలి. కుట్టుమిషను తొక్కిన కాలికి ఇది ఎప్పుడో వచ్చు. రవికలు కుట్టి పిల్లలను చదివించిన అమ్మకు వేరే పాఠం అక్కర్లేదు. "గంటకోసారి ఒక రవిక కుట్టమ్మా" అంటే చాలు, కాళ్లు వాటంతటవే ఆడతాయి. దాంతోపాటు రెండు మూడు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. అందుకే టికెట్ కొనేటప్పుడే నడవ పక్క సీటు అడగాలి.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. విజయవాడ హైవేలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లలో వెనక సీట్లో మధ్యన ఇరుక్కున్న తాతయ్యను ఎక్కడో ఒకచోట దించి నడిపించాలి. ఇదివరకు కాలిలో గడ్డకట్టినవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు బిగుతు మేజోళ్లు, మందుల సంగతి డాక్టరునే అడగాలి. తమంతట తాము ఆస్పిరిన్ వేసుకోకూడదు.

పురిటింటికి చేరాక అమ్మ తన కాలి నొప్పి బయటపెట్టదు. నెలలు నిండిన పిల్లను ఎందుకు కంగారు పెట్టడమనుకుంటుంది, పైగా అక్కడి ఆసుపత్రి ఖర్చంటే బెదురు. కాబట్టి కూతురో అల్లుడో తామే అడగాలి, చూడాలి. ఒక్క పిక్కే వాచి నొప్పెడుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా ఆరోజే డాక్టరుకు చూపించాలి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే ఒక్క క్షణం ఆగకూడదు. ప్రయాణం అయిన రెండు మూడు వారాల తర్వాత కనిపించినా సరే, ఎన్ని గంటలు కూర్చుని వచ్చిందో డాక్టరుకు ముందుగా చెప్పాలి.